కొలువుదీరిన పాదుకలు

ఒకానొక రాజ్యంలో సింహాసనం మీద రాజు కూచునేవాడు కాదు, రాజుగారి తోలు పాదుకలు కూచునేవి.

ఆ రాజ్యం పేరు మణిశైలం. రాజు ప్రచండవర్మ. చిన్నాచితకా రాజ్యాల రాయబారుల మొహాలు చూడటం తన స్థాయికి తగదని ఆయనకు తోచింది. తోచిందే తడవుగా చాటింపు వేయించాడు. "పాదుకలకు చేసిన నమస్కారం నాకు చేసినట్టే. వాటి ముందు చెప్పింది నాతో చెప్పినట్టే. వాటి కొలువే నా కొలువు."

ఎవరో ముసలి పండితుడు నసిగితే, "రాముడి పాదుకలు రాజ్యం ఏలలేదా?" అని గద్దించాడట. ఏలాయి, నిజమే. అప్పుడు రాముడు అడవుల్లో ముళ్ళ మీద నడుస్తున్నాడు. ఈయన అంతఃపురంలో హంసతూలికా తల్పం మీద పొద్దెక్కేదాకా దొర్లుతున్నాడు. పోలిక చెప్పడానికైనా సిగ్గుండాలి!

ఆ కొలువులో పొన్నేరు రాజ్యం తరఫున ఉంటున్న రాయబారి తిప్పన్న. రాయబారం అనగానే లోకానికి పల్లకీ, పట్టుశాలువా కనిపిస్తాయి. తిప్పన్నకు మాత్రం అది గుమ్మాల దగ్గర పడిగాపులు కాసే కొలువు. పరాయి గడ్డ మీద తనవాళ్ళు ఎవరికి ఏ కష్టం వచ్చినా తల్లీ తండ్రీ తనే.

అప్పుడు వచ్చిన కష్టం చిన్నది కాదు. పొన్నేరు ఉప్పు పడవలు గాలివానకు దారితప్పి మణిశైలం ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. వాటిని నడిపే సరంగులను వేగులవాళ్ళని చెరసాలలో వేశారు. ఉప్పు బస్తాల మధ్య వేగు ఏముంటుందని అడిగిన నాథుడు లేడు.

తిప్పన్న కొలువుకు వెళ్ళి పాదుకలకు విన్నవించుకున్నాడు. పక్కనే నిలబడ్డ మంత్రి నాగదేవుడు, "ఏలినవారు ఆలోచిస్తారు, తర్వాత రండి" అన్నాడు. తర్వాత వెళ్ళినా అదే మాట. మిగతా రాయబారులు దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయారు. పాదుకలకు వంగి, దర్శనం దివ్యంగా జరిగిందని తమ రాజులకు కబురంపి, భోజనాలకు వెళ్ళిపోయేవారు.

తిప్పన్నకు అన్నం సయించేది కాదు. పడవ సరంగు పోలయ్య భార్య సన్యాసమ్మ మొగుణ్ణి వెతుక్కుంటూ పొన్నేరు నుంచి వచ్చింది. రోజూ తిప్పన్న అరుగు మీద కూచుని ఎదురుచూసేది.

"రాజుగారేటన్నారు బాబూ?" అనేది.

"ఆలోచిస్తామన్నారమ్మా" అనేవాడు తిప్పన్న. విన్నది రాజు కాదు, తోలుముక్కలని ఆ ఇల్లాలితో చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

పోలయ్యకు చెరసాలలో జ్వరం తగిలింది. వైద్యుణ్ణి పంపనివ్వమని తిప్పన్న పాదుకలను బతిమాలాడు. ఏలినవారు ఆలోచిస్తారన్నాడు నాగదేవుడు. ఆలోచన తెగకముందే పోలయ్య పోయాడు.

ఆ కబురు సన్యాసమ్మకు చెప్పినవాడు తిప్పన్నే. ఆమె అరవలేదు, తిట్టలేదు. "ఎందుకు పోయాడు బాబూ?" అని మాత్రం అడిగింది. మిగిలిన సరంగులను రాళ్ళగనికి తోలబోతున్నారని అంతలోనే తెలిసింది. గనికి వెళ్ళినవాడు తిరిగివచ్చిన దాఖలా లేదు.

మణిశైలంలో తాతల నాటి కట్టు ఒకటుంది. కొలువులో విన్నపం చేశాక జేగంట మోగుతుంది. గంట మోగేలోగా సింహాసనం మీద ఉన్నవారు కాదనో, తర్వాతనో అనకపోతే విన్నపం మన్నించినట్టే. భటులు వెంటనే అమలు చేయాలి. అందుకే నాగదేవుడు పాదుకల తరఫున ఎప్పుడూ ముందే మాట్లాడేసేవాడు.

మర్నాడు తిప్పన్న నిండు కొలువులో నిలబడ్డాడు.

"ఏలినవారు మా సరంగులను ఇప్పుడే విడిచిపెట్టాలి."

"ఏలినవారు ఆలోచి..."

"ఆగండి మంత్రిగారూ!" తిప్పన్న గొంతుకు కొలువుకూటం మారుమోగింది. "సింహాసనం మీద ఉన్నది ఎవరు?"

"ఇంకెవరు? మహారాజుగారే."

"మహారాజు ఎదుట ఉండగా ఆయన మాట మీరు చెబుతారా? ఏ అధికారంతో? దాన్ని మా దేశంలో రాజద్రోహం అంటారు. మీ దేశంలో ఏమంటారో సెలవివ్వండి."

నాగదేవుడు నోరు తెరిచాడు, మూశాడు. అవి ఒట్టి చెప్పులంటే తల పోతుంది. అవి రాజే అంటే ఇక తను మాట్లాడకూడదు. ఆయన చెమటలు తుడుచుకుంటూ ఉండగానే జేగంట మోగింది. పాదుకలు కాదనలేదు. భటులు వెళ్ళి చెరసాల తలుపులు తీశారు.

కబురు అంతఃపురానికి చేరింది. ఎన్నడూ లేనిది ప్రచండవర్మ ఉత్త కాళ్ళతో, జారిన ఉత్తరీయంతో కొలువుకూటానికి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడురా నా ఖైదీలను వదిలింది?"

తిప్పన్న వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "అయ్యా, నెమ్మది. ఏలినవారు కొలువుదీరి ఉన్నారు. వారి ఎదుట ఇలా కేకలు వేయకూడదు."

రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. తిప్పన్న కదల్లేదు.

"నరకండి ప్రభూ. దానికి ముందు ఒక్క మాట తేల్చండి. ఆ పాదుకలు తమరేనా? తమరే అయితే సరంగులను విడిచిందీ తమరే. కాదంటారా, ఇన్నాళ్ళూ మా రాజుల పేరున మేము దండాలు పెట్టింది ఒట్టి తోలుకు. ఆ అవమానం మా రాజులందరికీ ఈ పూటే తెలియాలి."

వెనక నిలబడ్డ రాయబారులు మొదటిసారి నిటారుగా నిలబడ్డారు. అందరి చూపులూ రాజు మీదే. అన్ని రాజ్యాలూ ఒక్కటై మీద పడితే మణిశైలం ఏమవుతుందో ప్రచండవర్మకు తెలియనిది కాదు. ఆయన సింహాసనం వంక చూశాడు, తన ఉత్త కాళ్ళ వంక చూసుకున్నాడు. కోపం ఎటు పోయిందో, పకపకా నవ్వాడు.

"నా చెప్పులతోనే నన్ను కొట్టావయ్యా!" అంటూ మెడలోని ముత్యాలహారం తీశాడు. "ఇదిగో, ఇంకా ఏం కావాలో కోరుకో."

తిప్పన్న హారం అందుకోలేదు. అతనికి నవ్వు రాలేదు.

"పోలయ్య అని మా సరంగు ఒకడు తమ చెరలో పోయాడు ప్రభూ. ఎందుకు పోయాడని అతని భార్య నన్ను అడిగింది. నాకు తెలియలేదు. ఊరు వెళ్ళడానికి ఆమె రేవులో ఉంది. తమరు వచ్చి చెప్పండి. పాదుకలను మాత్రం పంపకండి."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆయన మెట్లెక్కి పాదుకలను కిందికి దించి కాళ్ళకు తొడుక్కున్నాడు.

"పద" అన్నాడు.

రేవులో సరంగులు పడవలు సర్దుకుంటున్నారు. సన్యాసమ్మ ఒడ్డున ఒంటరిగా కూచుని ఉంది. రాజు ఆమె ఎదుట నిలబడి, తప్పు తనదేనని చెప్పాడు. బతికినంతకాలం మనోవర్తి పంపిస్తానన్నాడు.

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"రాజుగారు మీరేనా బాబూ? మీరే కూచుని ఒక్కసారి ఇని ఉంటే, మా ఇంటాయన బతికేవోడు."

ప్రచండవర్మ తల దించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి కొలువుకు ఆయనే వచ్చి కూచున్నాడు.