ఒరిగిన బురుజు

గజ్జెలకోట పట్నంలో కోట బురుజు ఒకటి పక్కకి ఒరిగి ఉండేది. రాజుగారి తాత పెళ్లివిందులో బొబ్బట్లు మెక్కి, నిలబడలేక దానికి జారగిలబడితే అలా ఒరిగిపోయిందని మజ్జిగ అమ్మే పోలమ్మ చెప్పేది. ఆ కథ వినడానికే దూరదేశాల జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. నవ్వి నవ్వి గొంతు ఎండిపోయి, పోలమ్మ దగ్గరే మజ్జిగ తాగేవారు.

రాజుకు తల కొట్టేసినట్టయింది. పోలమ్మను పిలిపించాడు.

"మా తాత తిండిపోతా? యుద్ధంలో ఒంటి భుజంతో నెట్టేశాడని చెప్పు. లేదంటే ఊరొదిలి పో!"

పోలమ్మ తడబడకుండా చేతులు జోడించింది.

"అలాగే చెబుతాను మహాప్రభూ. కానీ జనం ఒకటి అడుగుతారు. దానికి జవాబు తమరే సెలవివ్వాలి."

"ఏమడుగుతారు?"

"శత్రువులు బయటుంటే, తాతగారు సొంత కోట బురుజునెందుకు నెట్టారని!"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు.

చివరికి రాజు గొంతు తగ్గించాడు.

"పోనీ, బొబ్బట్లే ఉండనీ. నెయ్యి మాత్రం ధారాళంగా పోశారని చెప్పు. మా వంశం పరువైనా దక్కుతుంది."