హంసల నీడలు

సుమనుడికి తల ఎత్తాలని ఉంది. ఎత్తితే ఇన్నాళ్ళ కష్టమూ నీళ్ళపాలవుతుందని భయం.

సముద్రం ఒడ్డున కొండ మీద ఉన్న వాళ్ళ బౌద్ధారామంలో ఒక నియమం ఉంది. భిక్షకు వెళ్ళేటప్పుడు భిక్షువు చూపు ఎద్దుల కాడి పొడవు దాటకూడదు. ముందున్న నేల, తన పాదాలు, చేతిలో పాత్ర, అంతే. సుమనుడు ఆ నియమం ఒక్కనాడూ తప్పలేదు. పెద్ద దీక్ష రేపే. దీక్ష ఇస్తారో, ఇంటికి పొమ్మంటారో, అంతా గురువు ధర్మనంది చెప్పే మాట మీదే ఉంది.

సరిగ్గా ఆ పొద్దునే హంసలు వచ్చాయి.

గురువు ముందు, శిష్యుడు వెనక, తడి ఇసక మీద బెస్తపల్లె వైపు నడుస్తున్నారు. ఉత్తరం నుంచి ఏదో చప్పుడు. గాలి కాదు. కెరటమూ కాదు. రెక్కలు! ఎన్నో, ఎన్నెన్నో రెక్కలు!

"ఓలమ్మో, అంసలొచ్చేసినాయి! రండర్రా, రండి!"

వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా ఎక్కడివక్కడ పడేసి ఒడ్డుకి పరుగెత్తారు. నెత్తిన చేపల గంపతో పోతున్న పోలమ్మ సుమనుడి పక్కన ఆగింది.

"ఏటి సామీ, ఇసకలో ఏటెతుక్కుంటన్నావు? మళ్ళీ ఏడాది దాకా రావు. పైకి సూడు!"

సుమనుడు పళ్ళు బిగించాడు. మెడ నరాలు లాగేస్తున్నాయి. గుండె మాత్రం ఎప్పుడో ఎగిరిపోయింది.

కెరటం వెనక్కి తీసింది. తడి ఇసక అద్దంలా మెరిసింది. అందులో తెల్లటి నీడలు, మెడలు చాచుకుని, ఒకదాని వెంట ఒకటి అతని పాదాల ముందు నుంచి జారిపోయాయి. సుమనుడి చూపు వాటి వెంటే జారింది.

చప్పుడు దక్షిణానికి సాగిపోయింది. నీళ్ళు కారుతున్న కాషాయ చీవరం అంచు ఒకటి అతని చూపులోకి వచ్చి ఆగింది. గురువు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"నేను చూడలేదు భంతే," అన్నాడు సుమనుడు. గొంతులో కాస్త గర్వం.

"అయ్యో, ఎంత బాగా వెళ్ళాయో! పాపం, చివర ఒకటి వెనకబడిపోయింది."

"ఒకటి కాదు భంతే, రెండు!"

అనేసి నాలిక కరుచుకున్నాడు.

పోలమ్మ గంప పట్టుకుని మరీ పకపకా నవ్వింది. గురువు నవ్వలేదు. శిష్యుడి చేతిలో పాత్ర తీసుకుని తన పాత్ర మీద పెట్టుకున్నాడు.

"ఇంకో బారు వస్తోంది," అని అతని గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తాడు.

ఆకాశం! ఎంత ఆకాశం! దాని నిండా హంసలు! రెక్కల కింద లేత ఎండ, నురగకన్నా తెల్లటి మెడలు. ఒకదాన్నొకటి పిలుచుకుంటూ వెళ్తున్నాయి. సుమనుడు "అవిగో! అవిగో!" అంటూ నీళ్ళలోకి పరుగెత్తాడు. కెరటం నడుం దాకా కొట్టినా ఆగలేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు.

ఆఖరి హంస కూడా వెలుగులో కరిగిపోయింది. అప్పుడు నియమం గుర్తొచ్చింది. మెల్లగా ఒడ్డుకి వచ్చాడు.

"రేపు సంఘానికి నా గురించి ఏమని చెబుతారు భంతే?"

ధర్మనంది పాత్ర అతని చేతికిచ్చాడు.

"దొంగచూపులు మానేశాడని చెబుతాను."