జపాను నాణేలు, నూకాలు బొటనవేలు

రాజుగారికి పనిలేదు గనక జపాను పాత నాణేలు పోగెయ్యడం పట్టుకుంది. మధ్యలో చదరపు చిల్లున్న నలభై రాగి నాణేలను బావమరిది తెచ్చి ఆయనకే అమ్మాడు. "నకిలీవి" అన్న కంసాలికి, బావమరిదిని దొంగన్నాడని బొటనవేలు నరికించాడు రాజు. "అసలువే" అన్న షరాబుకీ, ముఖస్తుతి చేశాడని అదే శిక్ష. మూడోమాటు, గిన్నెలకు కళాయి వేసే నూకాలును ఈడ్చుకొచ్చారు. గుమ్మంలో నెత్తురింకా ఆరలేదు. వేలు పోతే ఆమె బతుకుతెరువు పోయినట్టే.

నాణేలన్నీ తిప్పి చూసింది.

"ఏమే, నోరు పడిపోయిందా?" అన్నాడు బావమరిది.

"వీటిలో ఒకటి అసలుదే అయ్యుండాలి మారాజా. చిల్లు పక్కన గీత చూడండి. నలభైకీ అదే చోట, అదే వంకరతో ఉంది. నలభై నాణేలు నలభై చేతులు మారితే ఒకటే దెబ్బ తగలదు కదా! ఒకటి తల్లి, మిగతావి దాని అచ్చులో పోసిన పిల్లలు. తల్లి ఏదో నాకు తెలీదు. తెచ్చిన బాబుగారికే తెలియాలి."

రాజు మెల్లగా పక్కకు తిరిగాడు.

"ఏదోయ్ బావా, చూపించు."

బావమరిది చూపించలేదు. బొటనవేళ్లు రెండూ పిడికిళ్లలో దాచుకున్నాడు.