కానుగవలస ఆకుదుప్పటమ్మ

కానుగవలస ఊరి చివర, కొండవాలులో ఆకుదుప్పటమ్మ గుడి ఉంది. గుడి అంటే పెద్ద గోపురమేమీ లేదు. నడుమెత్తు గోడ, లోపల ఒక ముసలి కానుగ చెట్టు, దాని మొదట్లో అమ్మవారు. మాఘమాసంలో వచ్చే భక్తులకు ఆ అమ్మవారు కూడా కనబడదు, మోకాలెత్తు ఎండుటాకులే కనబడతాయి. ఈ గుడికి ఊడ్చే దిక్కే లేదా అని కొత్తవాళ్లు పూజారిని నిలదీస్తుంటారు. ఆయన ఓపిగ్గా చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ పైడమ్మ అనే రైతు కోడలి పెరడు ఉండేది. అప్పుడప్పుడే మాటలు వస్తున్న ఆమె కూతురు జ్వరంతో కన్నుమూసింది. పసివాళ్లను పెరట్లోనే పూడ్చడం ఆనాటి అలవాటు గనుక కానుగ కింద పూడ్చారు. బిడ్డకు ఇక తాను చేయగలిగిందేమీ మిగలలేదని పైడమ్మ కుమిలిపోయింది. చివరికి ఆ చోటు ఊడ్చడం ఒక్కటే పనిగా పెట్టుకుంది. ఇంతలో ఆకు రాలే కాలం వచ్చింది. కానుగకు సిగ్గూ ఎగ్గూ లేదు, ఊడ్చినకొద్దీ రాల్చేది. పైడమ్మా తగ్గలేదు. ఒక్క ఆకునూ నిలవనివ్వక, ఊడ్చిందంతా పోగేసి తగలబెట్టేది. ఆమె అత్త దాలమ్మ శుభ్రం విషయంలో మహా గట్టి మనిషి. ఆమె సైతం కోడల్ని మెచ్చుకుంది.

ఒకనాటి తెల్లవారుజామున బిడ్డ పైడమ్మ కలలోకి వచ్చింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది.

“అమ్మా, సలేస్తంది. నా దుప్పటి రోజూ లాగేస్తన్నావేటి?” అని అడిగింది.

పైడమ్మ లేచి చీపురు అవతల పారేసింది. ఇన్నాళ్లూ తన చేతులతోనే బిడ్డను చలికి వదిలేశానని గుండెలు బాదుకుంది. వారం తిరిగేసరికి పెరడంతా ఆకు. ఇరుగుపొరుగు నవ్వారు. కొంప పాడుబడినట్టుందని, లక్ష్మి గడప తొక్కదని దాలమ్మ మండిపడి, తానే చీపురు పట్టుకుని వచ్చింది. పైడమ్మ ఆ చోటికి అడ్డంగా కూర్చుండిపోయి, అప్పుడు చెప్పింది కల సంగతి.

దాలమ్మ చీపురు కింద పెట్టి, వంగి, మనవరాలి మీది ఆకులను చేత్తో సర్దింది.

“కాళ్లకాడ పల్సగుందే. ఇంకో గంపడు అట్టుకురా” అంది.

అత్తాకోడళ్లు కంచె అవతలి ఆకు కూడా తెచ్చి కప్పారు. చైత్రంలో ఎండలు ముదిరాక తీసి చూస్తే, అక్కడ పసిపిల్లంత నల్లరాయి వెలసి ఉంది. ఆ రాయి ముందునుంచే ఉందనేవాళ్లూ లేకపోలేదు. ఉంటే, రోజూ ఊడ్చిన మనిషికి కనబడకుండా ఉంటుందా? ఊరివారు అమ్మవారిగా కొలిచారు.

నేటికీ మాఘ ఫాల్గుణాల్లో ఈ ఆవరణలోకి చీపురు రాదు, ఆకుకు నిప్పు పెట్టరు. భక్తులు తలా దోసెడు ఆకు అమ్మవారికి కప్పి మొక్కుకుంటారు. ఉగాది వెళ్లాక దానిని తీసి, అడుగున మాగిన ఆకును రైతులు పొలాలకు తీసుకుపోతారు. చేను పచ్చగా ఉంటుందని, పిల్లలకు చలిజ్వరాలు రావని నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వస్తే మాత్రం పూజారి గోత్రనామాలు అడగడు. ఆమె ఆకు కప్పడం పూర్తయ్యేదాకా గంట కొట్టడు.