చెయ్యి కింద చెయ్యి

ఒక రాజుగారికి ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు, వినికిడీ లేదు. ఏడేళ్ళు వచ్చినా, ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడి మంచం కిందికి దూరేది.

రాజుగారికి ఓర్పు తక్కువ. "ఉగాది కొలువులో నలుగురి ముందూ నాకు దణ్ణం పెట్టాలి. ఆ మాత్రం కూడా రాకపోతే కొండమీది కోటకు పంపేస్తాను" అన్నాడు. ఆ కోటకు వెళ్ళినవాళ్ళ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు.

పండితులు వచ్చారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఊదుతున్న శంఖం మీద ఆ పిల్ల చెయ్యి వేయించి చూద్దామని వాళ్ళలో ఒక్కడికీ తోచలేదు, మహానుభావులు! చివరికి, వేళ్ళలో పనితనం ఉన్న మనిషి కదా అని బుట్టలల్లే ముసలమ్మను పిలిపించారు.

ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి తన కడియం పాప చేతికి తాకించేది. వచ్చింది నేనేనమ్మా అని చెప్పడం అది. అంతవరకు బాగానే ఉండేది. తర్వాత పాప చేతులు రెండూ పట్టుకుని బలవంతంగా జోడించేది. పాప విదిలించుకునేది. మళ్ళీ జోడిస్తే కొరికేది.

చలి పోయి మామిడి పూత వచ్చింది. ముసలమ్మ మణికట్లు వాచిపోయాయి. ఇంటికి వెళ్ళాక అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్ళు వంగేవి కావు. పిల్ల మీద జాలి, రాజు మీద కోపం, తన మీద తనకు విసుగు, అన్నీ కలిసి ఆవిణ్ణి పిండేశాయి.

పండగ ఇంకా కొద్ది రోజులుందనగా చేతులెత్తేసింది. "నావల్ల కాదు తల్లీ. నీ రాత ఎలా ఉంటే అలా అవుతుంది" అని గోడకు చేరగిలబడింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కనక, వెదురు బద్దలు ఒళ్ళో వేసుకుని మెల్లగా అల్లుకోసాగింది.

కాసేపటికి పాప మంచం కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. తడిమి కడియం పట్టుకుంది. అక్కణ్ణించి వేళ్ళ దాకా వచ్చింది. ఈసారి తన చేతుల్ని ఎవరూ పట్టుకోలేదు. అల్లుతున్న చేతుల మీద తన చేతులు పెట్టుకుని, అవి ఎటు పోతే అటు పోయింది.

అలసిపోయి ముసలమ్మ ఆగింది. పాప ఆవిడ వేళ్ళను మెల్లగా తోసింది, ఊఁ కానీ అన్నట్టు. అది పాప ఆడిన మొదటి మాట.

ముసలమ్మకు ఏడుపొచ్చింది. "ఇన్నాళ్ళూ నా చెయ్యి పైన పెట్టి అంతా నేనే వాగాను కదే" అంది. ఇక దణ్ణం జోలికే పోలేదు. ఉగాది దాకా ఒకసారి ఆవిడ చెయ్యి కిందుంటే, ఒకసారి పాప చెయ్యి కిందుండేది. కింద ఉన్న చెయ్యి చెప్పేది, పైన ఉన్న చెయ్యి వినేది.

కొలువులో పాప దణ్ణం పెట్టలేదు. ముసలమ్మ సింహాసనం దగ్గరికి నడిపించి వదిలితే, తడుముకుంటూ వెళ్ళి రాజుగారి చెయ్యి వెతికి, దాని కింద తన చెయ్యి దూర్చి, గాల్లోనే బుట్ట అల్లడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ రాజుగారు గట్టిగా పట్టుకున్నాడు. పాప విడిపించుకుని, కోప్పడకుండా, మళ్ళీ దూర్చింది. కాస్త అల్లి, ఆగి, ఆయన వేళ్ళను మెల్లగా తోసింది.

"కొండకోటకు పల్లకీ సిద్ధంగా ఉంది ప్రభూ" అన్నాడు మంత్రి.

రాజుగారు వినిపించుకోలేదు. "ఏమంటోంది అవ్వా?" అన్నాడు.

"తమరి వంతు అంటోంది మారాజా."

రాజుగారి చెయ్యి బిగుసుకుపోయి అలాగే ఉండిపోయింది. ఏం చెప్పాలో ఆ వేళ్ళకు తెలియలేదు. పాప మాత్రం కదలకుండా కనిపెట్టుకుని ఉంది.

రాజుగారు గొంతు తగ్గించి అన్నాడు. "పల్లకీ వెనక్కి పంపండి. అవ్వా, ఇది వంటబట్టడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను మారాజా. ఇంత పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళకి కాస్త ఎక్కువే పడుతుంది" అని ముసలమ్మ నిట్టూర్చి, సింహాసనం మెట్టు మీద కూలబడింది.