కుస్తీకి దిగిన మోతీ

1971 ఫిబ్రవరి 9, మంగళవారం. జహీరాబాదు ప్రాంతమంతా పొగమంచు. చెరకు తోటల మీద అది ఎంత దట్టంగా కూర్చుందంటే, కుస్తీ నేర్పే కంబాల్‌పల్లి తాలీంలో గోదాలోకి దిగినవాడికి తన పాదాలు తనకే కనపడటం లేదు. గాలి లేదు గాని చలి ఎముకల్లోకి పోతోంది. గోదాలో మట్టిని ముట్టుకుంటే బావి నీళ్లలో చెయ్యి పెట్టినట్టుంది.

అలాంటి పొద్దున తుల్జారాం తన ఎద్దును తోలుకొని తాలీంకు వచ్చాడు.

తుల్జారాం ఆ తాలీంలోకెల్లా బలమైన పహిల్వాన్. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో అతని దర్జీకి కూడా అంతుపట్టక, చివరికి కాలరు లేని చొక్కాలే కుట్టి ఇచ్చేవాడు. ఆ నెలలోనే జాతర. అక్కడ కుస్తీలు పిల్లల జోడీతో, కొబ్బరికాయ పందెంతో మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చివరికి వెండి కడియం దగ్గర ఆగుతాయి. తాలీం పెద్ద గుండప్ప ఉస్తాద్‌కు వయసు మీద పడింది. ఈ ఏడు కడియం కుస్తీకి తాను ఎవరిని దింపుతాడో, తన తర్వాత తాలీం వాడిదేనని నలుగురిలో చెప్పేశాడు. అది తుల్జారామేనని అందరికీ తెలుసు. అందరికంటే ముందు తుల్జారాంకే తెలుసు.

అతనికి ఉన్న చిక్కల్లా పార.

ఆ తాలీంలో ఒక పద్ధతి ఉంది. కుస్తీ పట్టేవాడు ముందు తన చేత్తో గోదా తవ్వాలి. ముక్కు కొస నుంచి చెమట జారి మట్టిలో పడేదాకా తవ్వి, ఆ తర్వాతే జోడీ మీద చెయ్యి వెయ్యాలి. ఆ మట్టి మామూలు మట్టి కాదు. ఎర్రమట్టిని జల్లించి, మజ్జిగ పోసి, పసుపూ నువ్వులనూనే కలిపి పెంచిన మట్టి. ఆ ఊరి ఆడవాళ్లు తమ ఇంట్లో పిల్లలకు కూడా అంత నూనె పట్టించలేదని గుండప్ప భార్య బతికుండగా అంటుండేది. ఆమె మాటకారి, ఆమె సంగతులు చెప్పుకుంటూ పోతే ఇక కుస్తీ దాకా రాము. కాలేజీల్లో ఆటలు ఆడించే మాస్టర్లు కూడా ముందు ఒళ్లు వేడెక్కించుకోమని మైదానం చుట్టూ పరుగెత్తిస్తారు. కుర్రాళ్లు సగం మంది వేపచెట్టు చాటున నిలబడి, ఆఖరి చుట్టులో కలుస్తారు. మనిషి ఎక్కడైనా మనిషే.

తుల్జారాం చెట్టుచాటున నిలబడే రకం కాదు. అతనిది వేరే లెక్క. తవ్వడం కూలి పని, పహిల్వాన్ తన బలాన్ని జాతరకు దాచుకోవాలి అనుకున్నాడు. అందుకే ఇంట్లో ఎద్దు మోతీని తెచ్చి, చిన్న గుంటుక కట్టి గోదాలో తిప్పాడు. చెరకు బండి లాగే ఎద్దుకు గోదా ఎంత? కాసేపట్లో మట్టంతా తిరగబడింది. మోతీ ఒంటి మీద ఆవిరి లేచింది.

తుల్జారాం అప్పటిదాకా కప్పుకున్న గొంగడి తీసి గోడ మీద పడేసి, మాణిక్‌ను పిలిచాడు. మాణిక్ అంటే ఉస్తాద్ చెల్లెలి కొడుకు, తాలీంలో అందరిచేతా పడగొట్టించుకునే మంచివాడు. తుల్జారాం వాణ్ణి నడుము పట్టి ఒక్క ఊపున లేపాడు.

కుడి తొడ వెనక ఏదో టప్పుమంది.

మాణిక్ కింద పడ్డాడు, మీద తుల్జారాం పడ్డాడు. "ఏం దెబ్బ తీసినవ్ అన్నా!" అన్నాడు మాణిక్, మెచ్చుకోలుగా.

తుల్జారాం పళ్లు బిగించి లేచాడు. ఈ సంగతి ఉస్తాద్‌కు తెలిస్తే జాతర పోతుంది, తాలీం పోతుంది. ఛాతీ విరుచుకొని, వంగని కుడికాలును బయటి నుంచి కొడవలిలా తిప్పి ముందుకేస్తూ ఇంటికి నడిచాడు.

పహిల్వాన్లకు ఎలాగూ ఒక నడక ఉంటుంది కదా. చూసినవాళ్లు కుంటుతున్నాడనుకోలేదు, కొత్త దర్జా అనుకున్నారు. ముందు మాణిక్ నేర్చుకున్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లు. కొద్ది రోజుల్లోనే తాలీం మొత్తం కుడికాళ్లు తిప్పుకుంటూ బజార్లో నడవసాగింది. సంతకొచ్చిన పొరుగూరివాళ్లు ఈ ఊళ్లో నీళ్లు మంచివి కావేమోనని చెంబులు ముట్టలేదు. తాలీంకు ఎదురిల్లు ఎముకల కట్టు కట్టే మల్కన్నది. అరుగు మీద కూర్చొని ఆ కాళ్లన్నీ చూసి, ఇక ఇంటికి కొత్త పెంకులు వేయించుకోవచ్చని సంతోషంతో నూనె కాచడం మొదలుపెట్టాడు.

గుండప్ప ఉస్తాద్ తాలీం గడపలో వేపపుల్ల నములుతూ అంతా చూశాడు.

"తుల్జా, గోదా బాగ తిరిగింది. ఎవలు తవ్విండ్రు?"

"మోతీ, ఉస్తాద్. రోజూ దాంతోనే దున్నిపిస్తున్న. నా బలం జాతరకు దాస్తున్న."

"మంచిది," అన్నాడు ఉస్తాద్. భుజం మీది తువ్వాలు కింద జార్చి, "గది అందుకో," అన్నాడు.

తుల్జారాం కుడికాలు గాలిలోకి చాచి, కొంగలా వంగి, తువ్వాలు తీసిచ్చాడు. ఉస్తాద్ దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత మోతీ మూపురానికి నూనె రాసి, పహిల్వాన్ కోసం నూరిన బాదం పాలను దాని ముందున్న కుండలో పోశాడు.

"ఉస్తాద్, అవి నావి!"

"చెమట పట్టినోనివి రా."

తుల్జారాం నవ్వాడు. ముసలాయన పరాచికమనుకున్నాడు. ఆ సాయంత్రం సందులోంచి దొంగచాటుగా మల్కన్న దగ్గరికి పోయాడు. మల్కన్న ఆ కాలును ఇద్దరి సాయంతో గుంజాడు. మర్నాటి నుంచి కొడవలి నడక కూడా కష్టమైపోయింది.

జాతర రోజు వచ్చింది. డప్పులు మోగుతున్నాయి. తుల్జారాం కొత్త ఎర్ర లంగోటి బిగించి, నొప్పిని నవ్వు వెనక దాచి, జనంలో ముందు వరసలో నిలబడ్డాడు. గోదాకు అవతలి గట్టున బీదరు నుంచి వచ్చిన చాంద్ పహిల్వాన్ కనిపించాడు. పొద్దుటి నుంచి ఎవరిదో పార అడిగి తీసుకొని మూలన తవ్వుతూనే ఉన్నాడు. ఒళ్లంతా నీళ్లు కారుతోంది.

పటేల్ మైకు అందుకున్నాడు. "ఆఖరి కుస్తీ! బీదరు చాంద్ పహిల్వాన్! కంబాల్‌పల్లి తాలీం నుంచి..." చేతిలోని చీటీని వెనక్కి ముందుకి తిప్పి చూశాడు. "ఉస్తాద్, గిదే పేరా? సరే మీ ఇష్టం. మోతీ పహిల్వాన్!"

మాణిక్ ఎద్దును పట్టుకొని వచ్చాడు. దాని కొమ్ములకు ఎర్ర లంగోటి కట్టి ఉంది. జనం జాతరంతా కూలిపోయేలా నవ్వారు.

తుల్జారాం కుంటుకుంటూ పరుగెత్తాడు. "ఉస్తాద్! నా పేరేది?"

"గోదా తవ్వింది ఎవలు?"

"మోతీ."

"ఒళ్లు కాగింది ఎవలికి?"

తుల్జారాం మోతీ కొమ్ముల వైపు చెయ్యి చూపాడు. "ఎద్దు కుస్తీ ఎట్ల పడ్తది ఉస్తాద్?" అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

"నీకన్న నయమే. దాని కాళ్లు నాలుగూ బాగున్నయ్."

ఈలోగా మోతీ తాపీగా చాంద్ దగ్గరికి పోయి, ఉప్పటి చెమట కోసం అతని భుజాన్ని నాకింది. చాంద్ గట్టిగా నవ్వి, మట్టి తీసి కళ్లకద్దుకొని దాని మూపురం నిమిరాడు. "ఈ పహిల్వాన్ మీద నేను చెయ్యి వెయ్యను," అన్నాడు. పెద్దలు కాసేపు వాదించుకొని కడియం చాంద్‌కే ఇచ్చారు. మిగిలిపోయిన కొబ్బరికాయ మోతీకి ఇచ్చారు. దానితో ఏం చెయ్యాలో దానికి తెలియలేదు.

ఇంటికొచ్చాక ఉస్తాద్ తుల్జారాంను బోర్లా పడుకోబెట్టి, కాలి కింద ఊక బస్తా పెట్టి, తొడ మీద తడిగుడ్డ వేశాడు. మల్కన్న నూనె గిన్నెతో పరుగున వచ్చాడు. "ఉస్తాద్, ఇంకొక్క గుంజు గుంజితె..."

"అది చెరుకుగడ గాదు మల్కన్నా. నూనె మిరపకాయ బజ్జీలకు వాడుకో."

నొప్పి పోయేదాకా తుల్జారాంను గోదా ముట్టనివ్వలేదు. తర్వాత నడవమన్నాడు. ఆ తర్వాత కూర్చొని లేవమన్నాడు. వానలు వచ్చి వెళ్లాయి. కాలు తిప్పే దర్జా ఊళ్లో మెల్లగా పాతబడింది.

మళ్లీ చలికాలం, మళ్లీ అదే పొగమంచు. ఒక పొద్దున ఉస్తాద్ తుల్జారాం ఇంటి నుంచి మోతీని తోలుకొని తాలీంకు వచ్చేసరికి లోపల పార చప్పుడవుతోంది. మంచులో తుల్జారాం ఒక్కడే తవ్వుతున్నాడు. ఉస్తాద్ మోతీ పగ్గం వదిలేశాడు. అది గోదాలోకి దిగి, వాసన చూసి, తుల్జారాంను మెడ నుంచి చెవి దాకా ఒక్క నాకు నాకింది.

"ఇగ దిగు," అన్నాడు ఉస్తాద్.

ఆ ఏడు కడియం కంబాల్‌పల్లికి వచ్చింది. తుల్జారాం దాన్ని తెచ్చి మోతీ కొమ్ముకు తొడిగితే మళ్లీ ఊడిరాలేదు, కాబట్టి అది మోతీ ఆస్తి అయింది. తర్వాత కొన్నేళ్లకు గుండప్ప ఉస్తాద్ కన్నుమూశాడు. ఆయన చెప్పి పోయిన ప్రకారం కసరత్తు చేసే గదలు మాణిక్‌కు, తాలీం తుల్జారాంకు దక్కాయి. తాలీం అంటే ఏదైనా కాగితం ఉంటుందేమోనని చూస్తే, మాణిక్ మూలనున్న పాత పార తెచ్చి చేతిలో పెట్టాడు. పిడి ఉస్తాద్ అరచేతుల మేరకు అరిగి ఉంది.

ఎదురింటి మల్కన్నకు ఏమీ రాలేదు. ఆ తర్వాత చాలాకాలం అరుగు మీద కూర్చొని తాలీంలోంచి బయటికొచ్చే కాళ్లను ఆశగా చూసేవాడు. అన్నీ తిన్నగానే నడిచి వెళ్లేవి. అతని ఇంటి మీద ఆ పాత పెంకులే ఉండిపోయాయి.