నాంచారమ్మ తెచ్చిన చాప

కదళీపురం రాజుగారి తాతగారు ఏనాడో పోయారు. సుగంధ తైలాలు పూసి, గుడ్డలు చుట్టి, ఆ శరీరాన్ని రాతిపెట్టెలో భద్రంగా దాచారు. కపాలభట్టనే మాంత్రికుడు వచ్చి, "పైన కొత్త పట్టు చుడితే పెద్ద ప్రభువులు లేచి కూర్చుంటారు!" అన్నాడు. రాజుగారు మురిసిపోయి, సాలెవీధిలో నేసిన పట్టంతా కోటకే చేరాలన్నారు. ఎంత చేరినా భట్టు చాలదనేవాడు. అమ్ముకోవడానికి ఏమీ మిగలక వీధంతా పస్తులుంది.

చివరికి నాంచారమ్మ అనే సాలె అవ్వ తన ఆఖరి పట్టుచీరతో సభకు వచ్చింది. చంకలో ఓ ఈతచాప కూడా ఉంది.

"చాపెందుకవ్వా? తాతగారికి అదీ చుడతామా?" అని రాజుగారు నవ్వారు.

"అయ్యో, ఇది తమరికి దొరా! పెద్ద ప్రభువులు లేచారంటే ఆ సింహాసనం వారిదే కదా. తమరు కటికనేల మీద కూర్చుంటే మా ప్రాణం ఒప్పుతుందా?"

రాజుగారి నవ్వు ఆగిపోయింది. రెండు చేతులా సింహాసనాన్ని గట్టిగా పట్టుకున్నారు.

"భట్టుగారూ, తాతగారికి నిద్రాభంగం మహాపాపం! మంత్రం ఆపండి. పట్టంతా సాలెవీధికి పంపేయండి!"

అవ్వ దణ్ణం పెట్టి బయల్దేరింది. ఎంత మర్యాదస్తురాలో చూడండి, ఎందుకైనా మంచిదని చాప మాత్రం అక్కడే వదిలి వెళ్ళింది.